చేరినామని చెప్పేందుకు వంద దేశాల సిమ్

విదేశయానానికి సంబంధించిన విద్యలలో అన్నిటికంటే కొత్తది, ఏ బడిలోనూ చెప్పనిది, ప్రీపెయిడ్ ట్రావెల్ ఇ-సిమ్‌ను ఎంచుకునే విద్య. ఇ-సిమ్ అంటే ఫోన్ తయారయ్యేటప్పుడే లోపల అతికించి పెట్టిన చిప్పు. అందులోకి టెలికాం సంస్థ వివరాలను, అంటే ప్రొఫైల్‌ను, క్యూఆర్ కోడ్ ద్వారా దించుకుంటే విడిగా సిమ్ కార్డు అక్కరలేదు. మామూలు వాడకందారుల ఫోన్లకు దీని ప్రమాణాలు 2016లో వెలువడగా, 2022లో అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14కు కార్డు పెట్టే అర కూడా లేకుండా పోయింది. ముంబై–చెన్నై రైలు మార్గం కడప జిల్లాలోని ముద్దనూరు మీదుగానే పోతున్నప్పటికీ, ఈ విద్య ఇంకా ఆ స్టేషనులో దిగినట్లు లేదు.

ముద్దనూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలనుంచి దేశం దాటేవారిలో రెండు వర్గాలు ప్రధానంగా కనిపిస్తాయి: కువైట్‌కు పనికి పోయేవారు, కూతురి పురిటికో మనవడిని చూసుకోవడానికో అమెరికా పోయే తల్లిదండ్రులు. ట్రావెల్ ఇ-సిమ్‌ను రూపొందించినవారి ఊహలో ఈ ఇద్దరూ ఉన్నట్లు తోచదు. వారి ఊహలోని యాత్రికుడు పొద్దున పారిస్‌లో లేచి సాయంత్రానికి జెనీవా చేరే మనిషి కాబట్టి, ఆయన సౌకర్యార్థం వందకు పైగా దేశాలలో పనిచేసే ప్యాకేజీలు తయారైనాయి. చీనీకాయల దిగుబడి లెక్క తేల్చి డల్లాస్‌కు బయలుదేరిన పులివెందుల పెద్దాయనకు కావలసింది ఒక దేశం, ఆ దేశంలో ఒక ఇల్లు; ఆ ఇంట్లో వైఫై ముందే ఉంది. విమానం దిగినప్పటినుంచి అల్లుడి కారు ఎక్కేదాకా ఉండే ఆ కాసేపట్లో "చేరినాం" అనే ఒక్క మాట పంపడానికి ఆయన చేత భూగోళశాస్త్రం చదివిస్తున్నారు.

ఆ చదువు తేలికైనదేమీ కాదు. కొన్ని ప్లాన్ల గడువు పరదేశపు టవర్ తగిలినప్పుడు మొదలవుతుంది, కొన్నిటిది ఫోన్‌లోకి దించుకున్న క్షణంలోనే మొదలవుతుంది. ఈ భేదం తెలియక ఉత్సాహం కొద్దీ 7 రోజుల ప్లాన్‌ను వారం ముందే ముద్దనూరులో దించుకున్నవారు, చెన్నైలో విమానం ఎక్కేసరికి, పరదేశపు డేటాను ఒక్క ఎంబీ కూడా వాడకుండా స్వదేశంలోనే సంపూర్ణంగా ముగించి ఉంటారు. క్యూఆర్ కోడ్ ఈమెయిల్‌లో వస్తుంది గానీ, దాన్ని స్కాన్ చేయవలసిన ఫోన్ కూడా ఆ ఈమెయిల్ తెరిచిన ఫోనే కావడం వల్ల, తన వీపు తాను చూసుకోబోయినవాడి అవస్థలో పక్కింటివారి సెల్లు అరువు తెచ్చుకోవలసి రావచ్చు. అన్‌లిమిటెడ్ అని పేరున్న ప్లాన్లలో చాలావాటికి ఫెయిర్ యూసేజ్ పాలసీ అనే నియమం ఉంటుంది. ఇంత డేటా వాడిన తరువాత కనెక్షన్ తెగిపోదు, వేగం మాత్రం వీడియోలో మనవడి ముఖం గడులు గడులుగా కనిపించే స్థాయికి పడిపోతుంది.

అసలు చిక్కు ఓటీపీ దగ్గర ఉంది. ఈ ఇ-సిమ్‌లలో అధికభాగం డేటా మాత్రమే ఇస్తాయి, నంబరు ఇవ్వవు. బ్యాంకు పంపే ఓటీపీ మాత్రం మనిషి ఏ ఖండంలో ఉన్నా పాత భారతీయ నంబరునే వెతుక్కుంటూ వస్తుంది. అందువల్ల పాత నంబరుకు బయలుదేరకముందే అంతర్జాతీయ రోమింగ్ తెరిపించి, దాని డేటా రోమింగ్‌ను మూసి, ఇ-సిమ్ డేటా రోమింగ్‌ను తెరిచి ఉంచాలి. పోస్ట్‌పెయిడ్ నంబరు ఉన్నవారు ఈ రెండు మీటలను తారుమారు చేస్తే, అగ్గువ ప్లాన్ దొరికిందన్న సంతోషం నెలాఖరు బిల్లు వచ్చేదాకా నిలుస్తుంది. ముద్దనూరు పక్కనే ఉన్న ఆర్టీపీపీలో, అంటే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, మీటల మధ్యనే ఉద్యోగం చేసి రిటైరైన ఇంజనీరుకు కూడా ఇక్కడ మనవరాలి సాయం తప్పదేమో.

ప్రభుత్వానికి ఈ విషయంలో వేరే చింత ఉంది. విదేశీ సిమ్‌లను భారతదేశంలో అమ్మేవారు టెలికమ్యూనికేషన్ల శాఖనుంచి నిరభ్యంతర పత్రం పొందాలని, కొనేవారి గుర్తింపు పత్రాలు తీసుకోవాలని నియమం. 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై అనే రెండు ప్రసిద్ధ ఇ-సిమ్ యాప్‌లు, అనుమతి లేకుండా అమ్ముతున్నాయన్న కారణంతో, ఆ శాఖ ఆదేశంపై భారతీయ యాప్ దుకాణాలనుంచి మాయమైనాయి. వందకు పైగా దేశాలలో పనిచేసే ఆ యాప్‌ల సిమ్‌ను కొనడానికి వీలులేని చోటు, ఆ విధంగా, కొనేవాడి సొంత ఊరే అయింది.

కువైట్ పోయేవారి సంగతి వేరు. *#06# నొక్కినప్పుడు ఈఐడీ అనే 32 అంకెల సంఖ్య కనిపిస్తే ఫోన్‌లో ఇ-సిమ్ చిప్పు ఉన్నట్లు. అగ్గువ ఫోన్లలో అది సాధారణంగా కనిపించదు. 20వ నంబరు వీసా మీద, అంటే ఇంటిపనికి, పోయేవారు అటువంటి ఫోన్లే చేతబట్టుకొని దిగుతారు. ఉత్తరాలతో, మాటలు నింపి పంపిన క్యాసెట్లతో, ఆ తరువాత ఐఎస్‌డీ కాల్స్‌తో గల్ఫ్‌ను, ఊరిని కలిపి నడిపిన ఈ జిల్లా కుటుంబాలకు కొత్త నెట్‌వర్క్ ముందే ఒకటి ఉంది: తీసుకుపోవడానికి విమానాశ్రయానికి వచ్చిన బావమరిది ఫోన్ హాట్‌స్పాట్. దానికి క్యూఆర్ కోడ్ లేదు, దేశాల జాబితా లేదు, నిరభ్యంతర పత్రం అక్కరలేదు. ఫెయిర్ యూసేజ్ పాలసీ మాత్రం దానికీ ఉంటుంది. మూడో రోజు దాటినాక కనెక్షన్ తెగిపోదు గానీ, బావమరిది పలకరింపులో వేగం తగ్గుతుంది.