నాన్చి నాన్చి అమ్మానాన్నలు కావడం ఎలా?

పిల్లల్ని ఎలా పెంచాలో చెప్పేవాళ్ళు కొత్తగూడెంలో క్వార్టరుకు ఇద్దరున్నారు. నలభై దాటాక పిల్లల్ని ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్ళే కరువు. ఆ లోటు తీర్చడానికే ఈ గైడు. ఇందులో చెప్పినవి తు.చ. తప్పకుండా పాటిస్తే 46వ ఏట మీరు అమ్మ అవుతారు. ఏ ఒక్కటి తప్పినా అంతకుముందే అయిపోయే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

1. ముందు ఇంటికి పెద్దకొడుకు కండి

ఆలస్యానికి పునాది పుట్టింట్లోనే పడాలి. బొగ్గుబాయిలో తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తీ ఎత్తీ నాన్న నడుం పోయింది, కంపెనీ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసింది. ఆయన బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. తమ్ముడు ఇంకా ఇంటర్‌లోనే ఉన్నాడు కాబట్టి ఆ ఒకరు మీరే. ఇక తమ్ముడి చదువు, చెల్లి పెళ్ళి, నాన్న మందులు, తమ్ముడి పెళ్ళి, తమ్ముడి గృహప్రవేశం వరసగా కానివ్వండి. దసరాకు ముందు కంపెనీ లాభాల వాటా పడుతుంది కదా, అది పడకముందే ఖర్చయిపోయేలా చూసుకోండి.

ఈ వరసలో మీ పెళ్ళి ఎక్కడుందని అడగకండి. అడిగితే "మా పెద్దపిల్ల బంగారం" అంటారు. బంగారం అన్నాక బీరువాలో ఉండాల్సిందే.

2. ప్రేమించండి, చెప్పకండి

మీకు 39. ఆయనకు 42, ఐదో నంబరు ఇంక్లైన్‌లో హాలేజీ ఆపరేటరు. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ ఆయనా మీలాగే మిగిలిపోయాడు. ఇలాంటి ఇద్దరు కలవడానికి ఆసుపత్రి మందుల లైనే తగిన చోటు. "మీ నాన్నను కూసోబెట్టండి మేడం, మీ చీటీ కూడా నేనే ఇస్తా" అంటాడు. ఇదే ప్రేమలేఖ, మడిచి దాచుకోండి.

"మేడం" నుంచి "ఏవండీ"కి రావడానికి ఆయనకు ఏడాది ఇవ్వండి. ఒక ఆదివారం కిన్నెరసాని వెళ్ళండి, ఒకే బస్సులో, వేరువేరు సీట్లలో. జింకల పార్కు చూడండి. రిజర్వాయర్‌లో మొసళ్ళున్నాయా లేవా అని గంటసేపు చర్చించండి. పెళ్ళి మాట మాత్రం ఎత్తకండి. రెండో ఏడాది చివర్లో ఆయనే అంటాడు: "వచ్చే వారం నుంచి ఫస్ట్ షిఫ్ట్ పడ్డది. సాయంత్రాలు ఖాళీయే."

అర్థమైతే ఒప్పుకోండి. బొగ్గుబాయి మనిషి అంతకన్నా విప్పి చెప్పడు.

3. డాక్టర్ల మీద భారం వేయండి

41వ ఏట పెళ్ళయ్యాక బంధువులంతా ఒకే వార్త గుర్తుచేస్తారు: 2019లో గుంటూరులో 70 దాటిన ఒకావిడ ఐవీఎఫ్‌తో కవలల్ని కన్నది కదా, నీకేం తొందర? 2021లో వచ్చిన చట్టం ఈ చికిత్సకు ఆడవాళ్ళకు 50, మగవాళ్ళకు 55 ఏళ్ళని హద్దు గీసిందని మీరు చెప్పకండి. చెబితే "అయితే ఇంకా తొమ్మిదేళ్ళుంది" అంటారు.

రెండేళ్ళు హైదరాబాద్ రైలెక్కండి. ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో దోసెల పిండి పక్కనే పెట్టండి. గొలుసు తాకట్టు పెట్టండి. రెండోసారి కూడా ఫలితం లేదని ఫోనొచ్చిన సాయంత్రం ఆయన ఏమీ అనడు. వంటింట్లోకి వెళ్ళి, మీరు నానబోసి మరిచిపోయిన మినప్పప్పు గ్రైండర్లో వేస్తాడు. ఆ చప్పుడుకు మీ ఏడుపు పక్క క్వార్టరుకు వినబడదు. ఈ గైడులో ఓదార్పు గురించి ఉన్నది ఇంతే.

4. బంధువుల సలహా సంఘం వేయండి

దత్తత మాట మెల్లగా ఎత్తండి. మొదట తమ్ముడి భార్య స్పందిస్తుంది. "బయటి పిల్లలెందుకు వదినా, మా చిన్నోణ్ణి రాయించుకోండి." ఎంత పెద్ద మనసు! చిన్నోడికి పద్నాలుగేళ్ళు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం 15 నిండకూడదు కాబట్టి ఆవిడ తొందర న్యాయమైనదే. చిన్నోడు మాత్రం వాళ్ళింట్లోనే ఉంటాడు. మీ ఇంటికి వచ్చేది వాడి పేరొక్కటే, అదీ పీఎఫ్ నామినేషన్ కాగితం దాకా.

తర్వాత మేనత్త లేస్తుంది. "ఏ రక్తమో, ఏ పేరో!" ఈ ప్రశ్నను కొత్తగూడెంలో నిలబడి అడగడానికి గుండె ధైర్యం కావాలి. ఒకప్పుడు వేరేవాళ్ళ పేరు మీద బాయిలో చేరి, ఆ పేరుతోనే మస్టర్ పడి, ఆ పేరుతోనే రిటైరైనవాళ్ళు ఈ బెల్టులో ఎందరో. మారుపేర్ల సమస్య తీరుస్తామనడం యూనియన్ల పాత హామీ. అంతెందుకు, రైలు దిగితే బోర్డు మీద "భద్రాచలం రోడ్" అని ఉంటుంది, ఊరేమో కొత్తగూడెం. రాముడి గుడికి ఇంకా నలభై కిలోమీటర్లు పోవాలి. మేనత్త ఏటా శ్రీరామనవమికి ఆ దారిన పోయి, ముత్యాల తలంబ్రాలు కళ్ళకద్దుకొని వస్తుంది. అక్కడ పెళ్ళికూతురు నాగటి చాలులో దొరికిన పిల్ల. జనకుణ్ణి ఎవరూ రక్తం అడగలేదు. ఈ సంగతి ఆవిడకు గుర్తుచేయకండి, వచ్చే ఏడు మీకు తలంబ్రాలు తేవడం మానేస్తుంది.

సంఘం తీర్మానానికి ఇంకో ఏడాది ఇవ్వండి.

5. ఇప్పుడు లెక్క వేసుకోండి

అనుకున్న ఆలస్యం పూర్తయింది కాబట్టి 'కారా' పోర్టల్ తెరవచ్చు. దేశంలో పిల్లల దత్తత వ్యవహారం చూసే కేంద్ర సంస్థ అదే. 2022 నిబంధనల ప్రకారం దంపతులకు కనీసం రెండేళ్ళ స్థిరమైన కాపురం ఉండాలి. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే రిజిస్ట్రేషన్ నాటికి ఇద్దరి వయసూ కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ బిడ్డకు 100, ఆపైన 110.

మందుల లైన్లో కలిసిన ఏడాదే పెళ్ళాడి ఉంటే రెండేళ్ళకు మీకు 41, ఆయనకు 44. మొత్తం సరిగ్గా 85, ఒళ్ళో పసిపాప. మొసళ్ళ మీద చర్చకు రెండేళ్ళు పోయాయి, లెక్క 89 అయింది, పాప నడిచే వయసుకొచ్చింది. సలహా సంఘానికి ఇంకో ఏడాది, 91. ఇప్పుడు పాప బడికెళ్ళే పిల్ల. ఇద్దరి వయసూ కలుపుతారు కాబట్టి మీరు ఏడాది నాన్చితే లెక్కలో రెండేళ్ళు పోతాయి. ఇంతకన్నా వేగంగా వయసు పెంచే పథకం ఏ ప్రభుత్వం దగ్గరా లేదు.

"ఇంత తతంగం ఎందుకు, తెలిసిన నర్సుంది, చేతిలో పెడుతుంది" అనేవాడు ఈ దశలో తప్పక వస్తాడు. 2025లో సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం మీద కేసు పడ్డది ఇలాంటి వ్యవహారంలోనే. సరోగసీ అని నమ్మించి, కొన్న బిడ్డను చేతిలో పెట్టారని ఆరోపణ. బిడ్డను కొన్నా అమ్మినా ఐదేళ్ళ వరకు జైలు. ఆలస్యం మీ హాబీ అయితే అదీ ఒక దారే.

6. ఇల్లు తుడవండి, మనసు తుడవకండి

హోమ్ స్టడీకి సోషల్ వర్కర్ వస్తుంది. ఇంటికి ఎప్పుడూ లేని శోభ తేవాలి కాబట్టి ఎదురు క్వార్టరు సోఫా అరువు తెచ్చుకోండి. కిటికీ చువ్వల మీది బొగ్గు దుమ్ము తుడవండి. మధ్యాహ్నానికి మళ్ళీ పడుతుంది, మళ్ళీ తుడవండి. ఆవిడ టీ తాగుతుండగా ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరుగుతుంది, గూట్లో స్టీలు గ్లాసులు గలగలలాడతాయి. మీరు అలవాటుగా చెయ్యి చాపి గ్లాసుల్ని ఆపుతారు. ఆయన అలవాటుగా మీ కప్పు పట్టుకుంటాడు. ఆవిడ ఏదో రాసుకుంటుంది.

"మీ ఇద్దరిలో కోపం ఎవరికెక్కువ?" అని అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూపించండి. స్థిరమైన కాపురానికి మ్యారేజ్ సర్టిఫికెట్ కన్నా అదే గట్టి రుజువు.

7. ఫోన్ రావలసిన వేళకు ఆయన్ను బాయిలోకి దింపండి

తర్వాత ఎదురుచూపు. పసిపిల్లల కోసం దేశమంతటా వేలమంది వరసలో ఉన్నారు, వంతు రావడానికి మూడేళ్ళకు పైనే పడుతోంది. పిల్లల వయసు పెరిగేకొద్దీ ఆ వరస పలచబడుతుంది. సెలవు సంగతికొస్తే, 2017 ప్రసూతి చట్ట సవరణ దత్తత తల్లికి 12 వారాల సెలవు పెట్టింది, అప్పట్లో బిడ్డ మూడు నెలల లోపుదైతేనే. వదిలేసిన పసిబిడ్డ కన్నవాళ్ళను వెతికి, దత్తతకు ఇవ్వొచ్చని తేల్చడానికే చట్టం రెండు నెలల గడువిచ్చింది. ఆ మూడు నెలల షరతు మీద సుప్రీంకోర్టుకెక్కినవాళ్ళూ ఉన్నారు. మీకు ఆ బాధ లేదు, మీరు ముందుజాగ్రత్తగా అన్ని గడువులూ దాటేశారు.

మీ 46వ ఏట పోర్టల్‌లో ఒక ఫొటో వస్తుంది. ఆరేళ్ళ పాప. 48 గంటల్లో మీ పేరున రిజర్వ్ చేసుకోవాలి. ఆయన ఆ వారం సెకండ్ షిఫ్ట్‌లో ఉంటాడు. బాయిలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. మీరు ఆటో కట్టించుకుని వెళ్ళి ల్యాంప్ రూం ముందు నిలబడండి. రాత్రి మనుషులు బయటికొస్తారు, అందరి మొహాలూ ఒకటే నలుపు. మీ మనిషిని నడకను బట్టి పట్టుకోండి. ఫోన్ చూపించండి. ఆయన చూస్తాడు, ముట్టుకోడు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటాడు. "స్నానం చేసి వస్తా" అంటాడు. ఫొటోలో పాపకు మసి అంటుతుందని!

8. చివరగా, ఆవిడను అడగండి

దత్తత ఉత్తర్వు 2022 సెప్టెంబర్ నుంచి కోర్టు కాదు, కలెక్టరే ఇస్తున్నారు. ఆ తర్వాత రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి సోషల్ వర్కర్ వచ్చి చూసిపోతుంది. ఆయన 61వ ఏట రిటైరయ్యే నాటికి అమ్మాయికి 18. బడిలో చేర్పించేటప్పుడు "తాతగారా?" అంటారు. రంగు వేసుకోమని ఆయనకు చెప్పకండి, ఇప్పటికే వేసుకుని ఉంటాడు.

అయితే వీటన్నిటికీ ముందు ఒక తతంగం ఉంది. ఐదేళ్ళు దాటిన పిల్ల అయితే ఆ పిల్ల ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళూ మీరు పాపను ఎంచుకుంటున్నామనుకున్నారు. మీరు మొసళ్ళ గురించి మాట్లాడుకుంటున్న రోజుల్లోనే ఆ పిల్ల పుట్టింది, ఎవరి వరసలోనూ పడకుండా పెరిగింది. ఆలస్యమైంది మీకొక్కరికే కాదు.

శిశుగృహలో ఆ పిల్ల మిమ్మల్ని పైనుంచి కిందికి చూస్తుంది. ఆయన గోళ్ళలో పోని నలుపు చూస్తుంది. "మీ ఇంట్లో కుక్కుందా?" అని అడుగుతుంది. లేదంటే మొహం ముడుచుకుని, ఆలోచించి చెప్తానంటుంది. తొందరపెట్టకండి. మీ ఆయనకు రెండేళ్ళిచ్చారు, ఆవిడకు ఒక అరగంట ఇవ్వలేరా? ఆ అరగంటలో మీ ఊరి రుద్రంపూర్‌లో ఎవరింట్లో కుక్క ఈనిందో ఫోన్ చేసి కనుక్కోండి. ఈ ఒక్క పని మాత్రం ఆలస్యం చేయకండి.