వహీ బాబు

బిలాస్‌పుర్ రైల్వే కాలనీల్లో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళున్న చోట వహీ బాబు ఒకాయన ఉంటాడు. గూడ్సు గార్డుగా రిటైరై, ఇంట్లో తోచక, జిల్లా చరిత్ర మీద పీహెచ్‌డీలో చేరతాడు. ఇక్కడి హిందీ థీసిసుల్లో, పైన చెప్పిన పుస్తకాన్నే మళ్ళీ చెప్పాలంటే అడుగున 'వహీ' అని వేస్తారు. మన పుస్తకాల్లో 'పైదే' అన్నట్టు. ఆయన థీసిస్‌లో మొదటి నోటు నెల్సన్ 1910లో వెలువరించిన జిల్లా గెజెటీర్. మిగతావన్నీ వహీ.

వానలకు వహీ, కరువులకు వహీ, శిస్తుకు వహీ. 1891లో బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే లైను నడవడానికి వహీ అంటే సరే. 2003లో ఇక్కడ రైల్వే జోన్ వెలిసిందన్న వాక్యానికీ అదే! నెల్సన్ దొర దూరదృష్టి కలవాడని ఒప్పుకోవాలి.

ఆ గెజెటీరైనా జిరాక్సే. కాపీ తీసినవాడు ప్రతి పుటలోనూ అడుగు వరుస కోసేశాడు. అక్కడికి రాగానే బాబు మూడు చుక్కలు పెట్టి పై పుటకు పోతాడు. ఎంత తూచి ఉటంకించాడో అని గైడు మురిసిపోయాడట.

"బాబుగారూ, ఇంకో పుస్తకం చూడకూడదేటండీ?" అని బుధవారీ బజార్ టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు అడిగాడు.

"తర్వాత రాసినోళ్ళంతా ఈయన్ని చూసే రాసార్రా. అసలుండగా నకలెందుకూ?" అన్నాడు, జిరాక్సు మీద పడ్డ టీ తుడుచుకుంటూ.

చివరికి గైడు పోరు పడలేక రెండో ఆధారం ఒకటి చేర్చాడు. బిలాస్‌పుర్ స్టేషన్లో బండి మారే భార్యాభర్తల మీద ఠాగూర్ రాసిన 'ఫాంకి' కవిత, 1918 నాటి 'పలాతకా' సంపుటిలోది. రైల్వే అధ్యాయం మొదట్లో ఆ నోటు పెట్టాడు. కింది వహీలను ముట్టుకోలేదు.

వహీ అంటే వెంటనే పైనున్న పుస్తకం కదా! దాంతో ఆ అధ్యాయంలో గూడ్సు లెక్కలు, వంతెన కొలతలు, జోన్ ఏర్పాటు, అన్నీ ఠాగూర్ కవితలోంచే వచ్చినట్టయింది. గైడు తల పట్టుకుని, ప్రతి నోటునూ విడిగా సరిచేయమన్నాడు.

బాబు ఒక్క పూటలో సరిచేసి పట్టుకొచ్చాడు. ఠాగూర్‌ని తీసేశాడు.