ఓర్పుకు మద్దతు ధర

మైకు పట్టుకున్న ప్రతి పెద్దమనిషికీ ఈ మధ్య ఒక పిల్లవాడు కావాల్సి వస్తోంది. ఇల్లు లేకపోయినా ఎక్కాలు నేర్చినవాడు, ప్లాస్టిక్ పట్టా కింద పడుకుని పది గట్టెక్కినవాడు. వాణ్ని వేదికెక్కించి శాలువా కప్పుతారు. "ఎంత మనోనిబ్బరం! వీణ్ని చూసి మనం నేర్చుకోవాలి" అంటారు. నేర్చుకుని ఏం చేయాలో మాత్రం చెప్పరు. సభ అయ్యాక అందరూ ఎవరిళ్లకు వాళ్లు పోతారు. ఆ ఒక్కడు తప్ప.

ఈ మనోనిబ్బరం అనే సరుకు బాగా పండే నేల మాది. ధర్మవరంలో బండెక్కితే పెనుకొండ, హిందూపురం, ఆపైన బెంగళూరు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో వేరుశనగ ఎండిన ఏడు, సంసారాలు మూటలై ఈ రైలు పట్టాల మీదే పోతాయి. అక్కడ కట్టేది అపార్టుమెంటు, పడుకునేది దాని పక్కన రేకుల షెడ్డులో. అపార్టుమెంటు పూర్తయిన రోజున షెడ్డు పీకేస్తారు. ఇంకో పునాది, ఇంకో షెడ్డు.

"మీదే ఊరు పాపా?" అని సర్వేకొచ్చిన సారు అడుగుతాడు.

"యా నెల్లో సార్?" అంటుంది పాప.

సారు మురిసిపోతాడు. పిల్ల చురుకైంది! ఫారంలో ఆ గడి మాత్రం ఖాళీగా వదిలేస్తాడు.

ఖాళీ గడులంటే గుర్తొచ్చింది. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి దేశంలోని ఇల్లు లేనివాళ్లందరినీ లెక్కపెట్టారు. ఒక్క రాత్రిలో! తేలింది 17.7 లక్షలు. ఫుట్‌పాత్ మీద, రైల్వే ప్లాట్‌ఫారం మీద, సిమెంటు తూములో పడుకున్నవాళ్లే ఈ లెక్కకు పనికొస్తారు. ప్లాస్టిక్ పట్టా కట్టుకుంటే కాదు. పైకప్పు రకాల జాబితాలో పెంకు, రేకులతో పాటు ప్లాస్టిక్, పాలిథీన్ కూడా ఉన్నాయి మరి. అంటే మన పాప సర్కారు దృష్టిలో గృహస్థురాలు.

ధర్మవరం నేతగాళ్ల కథ వేరు. అక్కడ ఇల్లంటే నలుగురు మనుషులు, ఒక మగ్గం. గుంత మగ్గం కాబట్టి నేల తవ్వాలి. అద్దె ఇంటి నేల తవ్వనిచ్చే యజమాని దొరకాలి. దొరికినా, బాకీ పెరిగి ఖాళీ చేయాల్సి వస్తే ఇల్లూ కొలువూ ఒకే రోజు పోతాయి. పిల్లవాడు కండెలు చుట్టడం ఆపి పుస్తకాల సంచీ సర్దుకుంటాడు. 2019 డిసెంబర్ 21న ఇదే ధర్మవరంలో 'నేతన్న నేస్తం' మొదలుపెట్టి, ఏటా 24 వేలు ఇస్తామన్నారు. సొంత మగ్గం ఉన్నవాళ్లకట! మగ్గం కూడా లేని కూలి నేతగాడికి ఎప్పటిలాగే ఓర్పు ఇచ్చారు. మరుసటి ఏడు క్రిస్మస్‌నాడు రాష్ట్రమంతటా ఇళ్ల స్థలాల పట్టాల పండుగ. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటంటే 48 గజాలు. మగ్గం లోపల పెడితే మనుషులు బయట, మనుషులు పడుకుంటే మగ్గం బయట.

చట్టాల్లో మాత్రం ఏ లోటూ లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం, టీసీ ఆలస్యమైందని ఏ బడీ పిల్లను వెనక్కి పంపకూడదు. పుట్టిన తేదీ కాగితం లేదనీ పంపకూడదు. మంచి చట్టం. పిల్ల వస్తుంది, పేరు రాస్తారు, మూడు నెలలకు షెడ్డు పీకేస్తారు, పిల్ల పోతుంది. 'అమ్మఒడి' డబ్బు పడాలంటే 75 శాతం హాజరు ఉండాలన్నారు. ఏ బడిలో 75 శాతం?

పిల్లల సంగతి అలా ఉంచి పురుగుల సంగతి చూద్దాం. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది. ఆ చుట్టుపక్కల పట్టుపురుగు పెంపకం చూసిన వాళ్లకు కళ్లు తిరుగుతాయి. చిన్న పురుగులకు చాకీ కేంద్రాలని ప్రత్యేకంగా ఉంటాయి. అక్కడ 26 నుంచి 28 డిగ్రీల వేడి, 80 శాతానికి పైగా తేమ, లేత ఆకు. కాస్త పెరిగాక వాటికో షెడ్డు, ఆ షెడ్డుకు ప్రభుత్వ రాయితీ. ఎండ తగిలినా పోతుంది, చలి తగిలినా పోతుంది అని అధికారులు జాగ్రత్తలు చెబుతారు. పట్టుపురుగుకు మనోనిబ్బరం ఉండాలని ఇంతవరకూ ఏ అధికారీ అనలేదు. గూడు కట్టేది పురుగే కదా, కష్టాలను తట్టుకోనీ అని ఎవరూ ఊరుకోరు.

పెనుకొండ వాళ్లకు నిరాశ్రయం కొత్త కాదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడాక విజయనగరపు తిరుమలరాయలు ఖజానాను ఏనుగులకెత్తి ఇక్కడికే వచ్చాడు. దాన్ని చరిత్ర రాజధాని మార్పు అంది. ఆయన స్థైర్యాన్ని మెచ్చుకుని చెట్టు కింద ఉంచలేదు, కోట ఉంది. మొన్నమొన్న, 2017 ఏప్రిల్‌లో, కొరియా నుంచి కియా కార్ల కంపెనీ వచ్చింది. ఎర్రమంచి దగ్గర వందల ఎకరాలు చదును చేసి ఇచ్చారు. గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్లు తెచ్చారు. 2019 ఆగస్టుకల్లా కార్లు బయటికొచ్చాయి. నేను ఫ్యాక్టరీని తిట్టడం లేదు, రానీ, వంద రానీ. రెండున్నరేళ్లలోపే రాళ్ల నేల మీదికి కరెంటు, నీళ్లు, రోడ్డు తేగలిగిన సర్కారుకు చేతకాదని మాత్రం ఇక ఎవరూ నాతో అనొద్దు. కారుకు ఓర్పు లేదు కాబట్టి పని జరిగింది. పిల్లకు ఉంది. అదే దాని ఖర్మ.

అందుకే నా విన్నపం. ఓర్పును అధికారికంగా జిల్లా పంటగా ప్రకటించండి. నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు, ఎంత కరువైతే అంత దిగుబడి. ధర్మవరం పట్టుకు ఇచ్చినట్టే దీనికీ జీఐ గుర్తింపు ఇప్పించండి. క్వింటాలుకింతని మద్దతు ధర కట్టండి. ఉపన్యాసాలకు ఎత్తుకుపోయే ప్రతి పెద్దమనిషీ పిల్ల తల్లికి రొక్కం చెల్లించి మరీ తీసుకుపోవాలి. అరువు బేరం వద్దు.

ఒక్క చీడ గురించి హెచ్చరిస్తాను. వలసపోయే వాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లని సర్వశిక్షా అభియాన్ కాలం నుంచీ ఒక ఏర్పాటుంది. ఏ అధికారైనా పొరపాటున వాటిని వేరుశనగ కోత అయ్యీ కాకముందే, జనం బండెక్కక ముందే తెరిచి, వేడి అన్నం పెట్టి, వార్డెనును కూడా వేశాడనుకోండి, పంట సర్వనాశనం. పిల్లలు మామూలు పిల్లల్లా తయారై, హోంవర్కు ఎగ్గొట్టి, కూర బాగాలేదని అలిగి కూర్చుంటారు. అప్పుడు శాలువాల వాళ్లకు పంట నష్టం కింద బీమా ఇప్పించవలసిందిగా ప్రార్థన.