నంబరు చెప్పి నవ్వేవాడు

మీటింగు మధ్యలో ఎవరో ఏదో అనగానే మీ పక్కవాడు "927" అని గొణిగి, తనలో తనే నవ్వుకున్నాడనుకోండి. కంగారుపడకండి. అది ప్లాటు నంబరు కాదు, రైలు టికెట్టు నంబరూ కాదు. మీ పక్కన కూచున్నది ఎక్స్‌కేసీడీ అభిమాని. ఈ జాతి మాదాపూర్, గచ్చిబౌలి నుంచి డల్లాస్, బే ఏరియా దాకా విస్తారంగా కనిపిస్తుంది. ఏసీ, రెండు మానిటర్లు, ఒక నల్ల తెర ఉంటే చాలు, ఎక్కడైనా బతికేస్తుంది. ఎవరికీ హాని చెయ్యదు. కాకపోతే వివరిస్తుంది.

ఎక్స్‌కేసీడీ అంటే అమెరికాలో రాండల్ మన్రో అనే ఆయన ఇంటర్నెట్‌లో వేసే కార్టూన్లు. ఆయన చదివింది ఫిజిక్సు. కొన్నాళ్లు వర్జీనియాలో నాసా వాళ్ల లాంగ్లీ కేంద్రంలో రోబోలతో కుస్తీ పట్టాడు. పాత నోటుపుస్తకాల్లో గీసుకున్న పిచ్చిబొమ్మల్ని 2005లో స్కాన్ చేసి నెట్‌లో పెడితే జనం ఎగబడ్డారు. ఇంకేం, నాసా పోయి బొమ్మలే బతుకుతెరువయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో కొత్త బొమ్మ వస్తుంది. ఇప్పటికి మూడు వేలు దాటాయి. అమ్మకి శనివారం ఎంతో మనవాడికి ఆ మూడు వారాలూ అంత. అమ్మ ఒంటిపూట భోజనంతో సరిపెడుతుంది, మనవాడు బొమ్మ చూసేదాకా కాఫీ కూడా ముట్టడు.

పేర్లతో మనవాడికి పనిలేదు, అన్నీ నంబర్లే. 927 కథ వినండి. అయిదు టీములు అయిదు రకాల ఫార్మాట్లలో డేటా పంపిస్తుంటే విసిగిపోయిన మేనేజరు గారు లేచి, "వీటన్నిటికీ కలిపి మనమే ఒక కామన్ ఫార్మాట్ చేసేద్దాం" అన్నారు. మనవాడి కళ్లు మెరిశాయి. మాట్లాడకుండా ల్యాప్‌టాప్ అటు తిప్పాడు. ఆ బొమ్మలో ముందు 14 ప్రమాణాలు ఒకదానితో ఒకటి పోటీపడుతుంటాయి. ఇద్దరు మనుషులు అది చూసి, ఇదేం గోల, అందరికీ పనికొచ్చేది ఒక్కటి తయారుచేద్దామని పూనుకుంటారు. కొద్దిరోజులయ్యాక చూస్తే పోటీలో 15 ఉంటాయి. అంతే జోకు. మేనేజరు గారు దాన్ని శ్రద్ధగా చదివారు. తలూపారు. "బాగుంది. ఆ పదిహేనోది మనదే అవ్వాలి" అని మార్కర్ తీసి బోర్డు మీద రాసేశారు. ఆ ఫార్మాట్ రాసే పని ఎవరికి పడిందో వేరే చెప్పక్కర్లేదు. మనవాడు రాశాడు, దాని డాక్యుమెంటు మొదటి పేజీలో 927 అతికించాడు. ఆఫీసు మొత్తంలో ఎవరైనా చదివిన పేజీ అదొక్కటే.

303 అంటే ప్రోగ్రాం కంపైల్ అవుతుండగా కుర్చీల మీద నిలబడి కత్తియుద్ధం చేసుకునే ఇద్దరు ఉద్యోగులు. బాసు అరిస్తే "కంపైలింగ్!" అంటారు, బాసు సరే కానివ్వండంటాడు. 327 అంటే స్కూలు నుంచి ఒక తల్లికి వచ్చిన ఫోను. ఆవిడ కొడుక్కి పెట్టిన పేరులోనే డేటాబేసును తుడిచిపెట్టే ఆదేశం దాగుంది. పేరు ఎక్కించగానే ఆ ఏడాది పిల్లల రికార్డులన్నీ మాయం. కొత్తగా చేరిన కుర్రాళ్లకి డేటాబేసు భద్రత గురించి కంపెనీవారు రెండు రోజుల శిక్షణ ఇస్తే, మనవాడు క్యాంటీన్లో టీ చల్లారేలోపు ఈ ఒక్క బొమ్మతో చెప్పేస్తాడు. వాళ్లకి గుర్తుండేదీ ఇదే. ఇది మాత్రం ఒప్పుకోవాలి.

404 మనవాడికి మరీ ప్రాణం. ఎందుకంటే ఆ నంబరుతో బొమ్మే లేదు. 2008 మార్చి 31న 403 వచ్చింది, ఏప్రిల్ 2న 405 వచ్చింది. మధ్యదాని కోసం వెళ్తే, నెట్‌లో లేని పేజీ అడిగినప్పుడు వచ్చే ఆ 404 సమాధానమే వస్తుంది. బంధువులొచ్చినప్పుడు మనవాడు ఆ ఖాళీ పేజీ తెరిచి, "చూశారా బాబాయ్, ఏమీ లేదు!" అని పడీపడీ నవ్వుతాడు. బాబాయి గారు మర్యాదకి నవ్వి, లోపలికెళ్లి, "అబ్బాయికి ఉద్యోగంలో ఒత్తిడి ఎక్కువగా ఉందా వదినా?" అని అడుగుతారు.

ఇంట్లో ఈ విద్య పారదు. 149లో ఒకడు శాండ్‌విచ్ చేసిపెట్టమంటాడు. నువ్వే చేసుకో అని జవాబొస్తుంది. అదే మాటకి ముందు "సుడో" తగిలించి అడిగితే సరేనంటారు. లైనక్స్ నడిచే కంప్యూటర్లో ఆ ముక్క ముందు పెడితే యజమాని హోదాలో ఆజ్ఞ ఇచ్చినట్టు, యంత్రం మారుమాట్లాడదు. పెళ్లైన కొత్తలో మనవాడు వంటింటి గుమ్మంలో నిలబడి, "సుడో అట్టు వెయ్యి" అన్నాడు. "ఆ సుడో ఎవడో వాడినే వెయ్యమను" అంది ఆ అమ్మాయి. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అట్లు మనవాడే వేస్తున్నాడు. గుండ్రంగా వస్తున్నాయి కూడా.

ఆ అమ్మాయి అన్నదే ఇంకో మాట ఉంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండున్నరకి ఒక పెద్దాయన, జనగణమనని యునెస్కో ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయగీతంగా ప్రకటించిందని పాత పుకారు పంపించాడు. మనవాడు లేచి కూచున్నాడు. ఆధారాలు వెతికాడు, లింకులు పెట్టాడు. పెద్దాయన దండం బొమ్మ పెట్టి అదే సందేశం మళ్లీ పంపాడు. ఒంటిగంటకి భార్య, "పడుకోవా?" అంటే మనవాడు జవాబుగా 386 చూపించాడు. అందులోనూ ఒకడు అర్ధరాత్రి కంప్యూటర్ ముందుంటాడు. పక్క మీదికి రమ్మని పిలుపొస్తే, ఇంటర్నెట్‌లో ఎవరో తప్పు మాట్లాడుతుంటే ఎలా వస్తానంటాడు. ఆ అమ్మాయి చూసి, "ఇది జోకా, నీ ఫొటోనా?" అంది. ఆ మాటకి మనవాడు బొమ్మకన్నా ఎక్కువ నవ్వాడు. నవ్వి, మళ్లీ పెద్దాయనకి జవాబు రాయడం మొదలుపెట్టాడు.

అసలు గుట్టంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఈ బొమ్మల్లో మనుషులకి ఒక గుండ్రటి తల, నాలుగు పుల్లలు తప్ప కళ్లుండవు, ముక్కుండదు, నోరుండదు. మొహం ఖాళీగా ఉందంటే ఎవరిది వాళ్లు అతికించుకోవచ్చని అర్థం. మనవాడు అతికించుకున్నాడు. మన హాస్యంలో మామూలుగా పక్కవాడి మీద నవ్వుతాం. పిసినారి మీద, అత్తగారి మీద, పేకాటరాయుడి మీద. తన మీద పడిన జోకుని తనే ప్రింటు తీసి, తన సీటు వెనకే అంటించుకుని, వచ్చేపోయేవాళ్లకి చూపించే మనిషి ఈ జాతిలోనే కనిపిస్తాడు. అంటించుకున్నంత మాత్రాన మారతాడనుకునేరు. 1205లో ఒక పట్టిక ఉంది. మళ్లీమళ్లీ చేసే పనిని యంత్రానికి అప్పగించడానికి ఎంతసేపు వెచ్చించొచ్చో అయిదేళ్ల లెక్క కట్టి చూపిస్తుంది. అంతకన్నా ఎక్కువసేపు కూచుంటే నష్టమే. మనవాడు దాన్ని గోడకి కొట్టి, దాని కిందే కూచుని, వారానికోసారి రెండు నిమిషాలు పట్టే టైంషీటు తనంతట తానే నిండేలా చెయ్యడానికి మూడు వారాంతాలు ధారపోశాడు. అది నిండుతోంది. తప్పుగా నిండుతోంది. సరిచెయ్యడానికి వారానికి పావుగంట పడుతోంది.

పైథాన్ భాష తయారుచేసినవాళ్లూ ఈ జాతే. 353వ బొమ్మలో ఒకడు గాల్లో తేలుతుంటాడు. ఎలాగయ్యా అంటే, పైథాన్‌లో యాంటీగ్రావిటీ అనే సరుకు దింపుకున్నానంటాడు. ఆ భాష నిర్వాహకులు ఊరుకోకుండా నిజంగానే ఆ పేరుతో ఒక మాడ్యూల్ చేర్చారు. దాన్ని పిలిస్తే బ్రౌజర్ తెరుచుకుని అదే బొమ్మ ప్రత్యక్షమవుతుంది. 240వ బొమ్మ సంగతి ఇంకా చిత్రం. కలలో ఒకమ్మాయి ఏదో చోటూ, తేదీ చెబుతుంది. కుర్రాడు వెళ్లి నిలబడతాడు, ఎవరూ రారు. కోరుకున్నంత మాత్రాన నిజమవుతుందా అని నిట్టూరుస్తాడు. ఆ అక్షాంశ రేఖాంశాలు అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఒక పార్కువి, తేదీ 2007 సెప్టెంబరు 23. ఆ రోజు పాఠకులు వందల సంఖ్యలో అక్కడికి చేరారు, మన్రో కూడా వచ్చాడు. అప్పటికి మనవాడు అమీర్‌పేట హాస్టల్లో నలుగురితో ఒక గది పంచుకుని జావా నేర్చుకుంటున్నాడు. ఇప్పటికీ, "ముందే తెలిసుంటేనా..." అంటాడు. తెలిసినా ఏం చేసేవాడు? జేబులో ఉన్నది సికింద్రాబాద్ దాకా బస్‌పాసు.

చెల్లెలి పెళ్లి మాత్రం 2013 మేలో వచ్చి చిక్కుల్లో పడేసింది. ఆ మార్చి నుంచి జులై దాకా 1190వ బొమ్మ కదులుతూనే ఉంది. మొదట అరగంటకొకటి, తర్వాత గంటకొకటి చొప్పున మొత్తం 3,099 చిత్రాలు. సముద్రం ఒడ్డున ఇద్దరు ఇసుక కోట కడుతుంటారు, నీళ్లు పెరుగుతుంటాయి, ఎందుకో తెలుసుకోవడానికి బయల్దేరతారు. మరుసటేడు దానికి హ్యూగో పురస్కారం వచ్చింది. పెళ్లిపందిట్లో పెళ్లికూతురి అన్న గంటకోసారి స్తంభం చాటుకెళ్లి ఫోను చూస్తుంటే ఆడపడుచులకి అనుమానమొచ్చింది. అమ్మాయెవరని నిలదీస్తే, ఫోను తిప్పి చూపించాడు. ఇసుక. "పోనీలే, ప్రేమ వ్యవహారమేమో అనుకున్నాం" అని వాళ్లు నిరాశగా భోజనాలకి వెళ్లిపోయారు.

ఇంత చెప్పాక మనవాడిలోని మంచి ఒకటి చెప్పకపోతే అన్యాయం. మీకేదైనా తెలీదంటే, "ఆ మాత్రం తెలీదా?" అని ఒక్కనాడూ అనడు. 1053లో మన్రో చేసిన లెక్క అతనికి వేదం. పెద్దయ్యేసరికి అందరికీ తెలిసిపోయే ఏ సంగతైనా సరే, అమెరికాలో రోజుకి పదివేల మంది దాన్ని మొదటిసారి వింటుంటారట. కాబట్టి తెలీనివాణ్ణి వెక్కిరించకూడదు, పండగ చేసుకోవాలి. మనవాడు పండగ చేసుకుంటాడు. మీరు "తెలీదండీ" అన్న క్షణం కుర్చీ ముందుకి లాగుతాడు, నీళ్ల సీసా పక్కకి జరుపుతాడు. ఇక మీ లంచ్ బ్రేక్ మీది కాదు. జోకు అర్థమయ్యాక వచ్చే నవ్వు ఒక వంతయితే, అర్థమయ్యేలా చెప్పడంలో మనవాడికి వచ్చే సుఖం మూడు వంతులు.

నాన్నగారి ముందు మాత్రం ఈ సుఖానికి గండిపడింది. రిటైరైన హెడ్మాస్టారు. ఒకప్పుడు ఈనాడులో శ్రీధర్ గారి 'ఇదీ సంగతి' చూసిగానీ మిగతా పేపరు తిప్పని మనిషి. చూసి ఊరుకోకుండా, వీధి అరుగు మీద నలుగురినీ కూచోబెట్టి దాని వెనకాల రాజకీయమంతా విప్పి చెప్పేవారు. కొడుక్కి ఈ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిందిగా. బాపు గీతకి అలవాటుపడ్డ ఆ కళ్లకి ఈ పుల్లల మనుషులు ఆనలేదు. "ఏరా, కళ్లూ ముక్కూ పెట్టడం కూడా రానివాడికి డబ్బులిస్తారట్రా?" అన్నారు. మనవాడు పట్టు విడవలేదు. 2347 తీశాడు.

ఆ బొమ్మలో ఆకాశమంత ఎత్తున దొంతరగా పేర్చిన దిమ్మలుంటాయి. నేటి డిజిటల్ లోకమంతా అదే. అడుగున ఒక మూల సన్నటి దిమ్మ ఒకటి ఆ బరువంతా మోస్తుంటుంది. నెబ్రాస్కాలో ఎవరో ఒకాయన 2003 నుంచి ఎవరి మెప్పూ లేకుండా చూసుకుంటున్న ప్రాజెక్టు అది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే చిన్న ఉచిత సరుకులో లోపం బయటపడి, అది వాడుతున్న పెద్దపెద్ద కంపెనీలన్నీ పరుగులు పెట్టినప్పుడు లోకమంతా తల్చుకున్నది ఈ బొమ్మనే. దాన్ని చూసుకుంటున్నది జీతం లేని కొద్దిమంది స్వచ్ఛంద సేవకులని అప్పుడే చాలామందికి తెలిసింది. ఆ వారాంతం మనవాడు ఇంటికి రాలేదు. అందుకే ఇది చెప్పాలంటే ఉపోద్ఘాతానికే అరగంట సిద్ధం చేసుకున్నాడు.

నాన్నగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. మనవాడు గొంతు సవరించుకునేలోపే ఫక్కున నవ్వారు.

"మన స్కూలు అటెండరు కదరా వీడు! తాళాలెక్కడో, ఏ బీరువాలో ఏ రిజిస్టరుందో వాడొక్కడికే తెలుసు. వాడు నాల్రోజులు సెలవు పెడితే డీఈవో గారు తనిఖీకొచ్చి వరండాలో కూచున్నారు. హెడ్మాస్టర్ని నేను, గంట కొట్టే సుత్తి ఎక్కడుందో నాకే తెలీదు."

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. మనవాడు కూడా నవ్వాడు కానీ, మొహంలో కళ లేదు. లాగ్‌ఫోర్‌జే మిగిలిపోయింది. నెబ్రాస్కా మిగిలిపోయింది. ఉపోద్ఘాతమంతా వృథా. అయితే ఈ జాతి అంత తేలిగ్గా ఓడిపోదు. ఎక్స్‌కేసీడీ ప్రతి బొమ్మ మీదా మౌస్ ఆనిస్తే ఇంకో చిన్న వ్యాఖ్య తేలుతుంది. పైపైన చూసినవాళ్లకి అది దొరకదు.

"నాన్నా, అయిపోలేదు. ఇక్కడ చూడండి" అని మౌస్ జరిపాడు. ఇమేజ్‌మ్యాజిక్ అనేది ఏదో ఒకరోజు పూర్తిగా మూలపడుతుందని, అప్పుడు శిథిలాల్లోంచి నాగరికతని మళ్లీ పోగుచేసుకోవాల్సి వస్తుందని దాని సారాంశం.

"ఇమేజ్‌మ్యాజిక్ ఏవిట్రా?" అన్నారు నాన్నగారు.

వంటింట్లోంచి కోడలు, "మావయ్యగారూ, అడక్కండి!" అని అరిచింది. అప్పటికే మనవాడు కుర్చీ ముందుకి లాగేశాడు.