రేసు జట్టు పోషణ, వైద్యం

మోటారు రేసు జట్లు రెండు రకాలు: పెద్దవి, పేదవి. పెద్ద జట్టు కార్లు అమ్ముకోవడానికి పరిగెడుతుంది. పేద జట్టు పోయిన నెల బాకీ తీర్చడానికి పరిగెడుతుంది. "పేద" అన్న మాటకి ఇక్కడ రేషను కార్డు అర్థం తీసుకోకూడదు. 2009లో ఫార్ములా వన్‌కి కొత్త జట్లు కావలసి వచ్చినప్పుడు, ప్రపంచ మోటారు క్రీడల సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ మోస్లీ ఏడాది ఖర్చుకి 40 మిలియన్ పౌండ్ల పరిమితి పెడదామన్నారు. అప్పటి మారకం ప్రకారం మూడు వందల కోట్ల రూపాయల పైమాటే. బీదాబిక్కీని దృష్టిలో పెట్టుకుని తలపెట్టిన పథకం అది. దాన్ని నమ్మి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు ట్రాకు మీదికి వచ్చేలోపే పరిమితి ఎగిరిపోయింది. 2010లో దిగినవి మూడు జట్లు: లోటస్, వర్జిన్, హిస్పానియా. నాలుగోదిగా రావలసిన యూఎస్ ఎఫ్ వన్ అసలు కారే తీసుకురాలేదు. నలుగురిలోకీ తక్కువ నష్టపోయినది బహుశా అదే.

అనకాపల్లి జిల్లా చీడికాడ మండలంలో (2022 దాకా ఇది విశాఖపట్నం జిల్లా) రేసు జట్టుతో పోల్చదగిన సంస్థ పందెపు ఎడ్ల జత. ఆ చుట్టుపక్కల తీర్థాల్లో (జాతరల్లో) ఒక్కో బండినీ విడిగా వదులుతారు. గడియారం పట్టుకున్న పెద్దమనిషి చెప్పిన నిమిషాలూ సెకన్లూ మైకులో చదువుతారు. దీన్నే ఫార్ములా వన్‌లో క్వాలిఫయింగ్ అని పిలిచి టికెట్టు పెట్టారు. పందెపు ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టాలి, తవుడు కలపాలి, పొద్దున్నే నడకకి తిప్పాలి, పందెం ముందు రోజు కొమ్ములకి నూనె రాయాలి. ఈ ఖర్చంతా ఎడ్లవాడిదే. ఓడితే వాడి ఉలవలు పోతాయి, ఊళ్ళో ఇంకెవరి ఉలవలూ పోవు. ఈ వెనకబాటుతనం వల్లనే కాబోలు చీడికాడ పందెం ప్రపంచస్థాయికి ఎదగలేదు. అభివృద్ధి చెందిన పందెంలో పరిగెత్తేవాడు ఒకడు, ఉలవలు పోగొట్టుకునేవాడు మరొకడు.

ఫార్ములా వన్ జట్టుకి ప్రధానమైన మేత బహుమతి సొమ్ము. అది పోయిన ఏడాది స్థానాన్ని బట్టి వస్తుంది, అదీ అప్పట్లో దాదాపుగా మొదటి పది జట్లకే. కడుపు నిండినదానికి ముందు వడ్డిస్తారు, డొక్క ఎండినది బలిసి చూపించాక దానికీ పెడతారు. ఈ నియమం ఎంత నిక్కచ్చిగా పనిచేస్తుందో 2016లో మానర్ జట్టు చూసింది. వర్జిన్‌గా పుట్టి, మరూసియాగా ఒకసారి దివాలా తీసి, పేరు మార్చుకుని లేచిన జట్టు అది. ఆ జూలైలో ఆస్ట్రియాలో పాస్కల్ వేర్‌లైన్ పదో స్థానంలో వచ్చి ఒక్క పాయింటు తెచ్చాడు. ఏడాది చివరికొచ్చినా సౌబర్ జట్టు ఖాతా సున్నా దగ్గరే ఉండటంతో మానర్‌కి పదో స్థానం, దానితో మేత ఖాయమనుకున్నారు. నవంబరు 13న బ్రెజిల్‌లో కుండపోత వాన. అందులో ఫెలిపె నాసర్ సౌబర్ కారుని తొమ్మిదో స్థానంలోకి తెచ్చి రెండు పాయింట్లు కొట్టాడు. మానర్ పదకొండుకి దిగింది. మూడు నెలలు తిరగకుండానే, జనవరి 2017లో, మూతపడింది. వాన వల్ల పంట పోయిందని చెప్పుకోవడానికి అక్కడ వీఆర్వో కూడా ఉండడు.

పదో స్థానం దూరమైన జట్టుకి పరువుతోనూ పోరాటం ఉంటుంది. క్వాలిఫయింగ్ మొదటి దశలో అందరికన్నా వేగంగా తిరిగిన కారుకి పట్టిన సమయంలో 107 శాతం దాటితే సాధారణంగా ఆదివారం పందెంలోకి రానివ్వరు. ముందువాడికి 90 సెకన్లు పడితే వెనకవాడికి 96.3 సెకన్ల దాకా ఓపిక పడతారన్నమాట. హిస్పానియా 2011లో సగం బిగించిన కార్లని మెల్‌బోర్న్‌కి మోసుకెళ్ళి అక్కడి గ్యారేజీలో మిగతా బిగించింది. రెండు కార్లూ గీత దాటలేదు. 2012లో మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ రెండూ దాటలేదు. రెండేళ్ళూ వాటిలో ఒకదాన్ని నడిపినవాడు మన నారాయణ్ కార్తికేయన్. ఆ ఏడాది చివరికి జట్టే లేకుండా పోయింది. చీడికాడలో ఆఖరున వచ్చిన జత సెకన్లని కూడా మైకులో చదువుతారు. పైగా కాస్త గట్టిగా చదువుతారు.

ఇక యజమాని. పేద జట్టు యజమానికి విమానాల కంపెనీ ఉండటం ఒకప్పుడు ఆనవాయితీ. 2010లో లోటస్ జట్టు ఎయిర్ ఏషియా అధిపతి టోనీ ఫెర్నాండెజ్‌ది, వర్జిన్ రిచర్డ్ బ్రాన్సన్‌ది, ఫోర్స్ ఇండియా కింగ్‌ఫిషర్ విజయ్ మాల్యాది. వీరిలో మొదటి ఇద్దరూ పందెం కాసుకున్నారు: ఎవరి జట్టు వెనకబడితే వాళ్ళు అవతలివాడి విమానంలో ఎయిర్ హోస్టెస్‌గా పనిచేయాలి. రెండు జట్లకీ ఆ ఏడాది వచ్చిన పాయింట్లు సున్నా. సున్నాల్లో పెద్ద సున్నా వర్జిన్‌దని తేలింది. మే 2013లో బ్రాన్సన్ కాళ్ళు నున్నగా గొరిగించుకుని, ఎర్ర స్కర్టు కట్టి, పెర్త్ నుంచి కౌలాలంపూరు వెళ్ళే విమానంలో ట్రే పట్టుకు తిరిగి, అందులోని పానీయాలు ఫెర్నాండెజ్ మీద ఒంపారు. వాళ్ళ రేసు చరిత్రలో ప్రేక్షకులు పూర్తిగా సంతృప్తి చెందిన ఘట్టం ఇదే. క్యాటర్‌హామ్‌గా పేరు మారిన ఫెర్నాండెజ్ జట్టు ఆయన అమ్మేశాక, 2014 నవంబరులో, ఆఖరి రేసుకి వెళ్ళడానికి 23.5 లక్షల పౌండ్లు కావాలని జనం దగ్గర చందా పట్టింది. అబుదాబిలో పరిగెత్తింది. ఆ తర్వాత దాని సామాను వేలానికి వచ్చింది.

మూడో విమానాల యజమాని కథ విడిగా చెప్పుకోవాలి. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ ట్రాకు ఎదుట ఒక కర్మాగారం ఉంది. 1991లో అక్కడి నుంచి వచ్చిన జట్టు పేరు జోర్డాన్. తర్వాత మిడ్‌లాండ్, ఆ తర్వాత స్పైకర్. 2007లో మాల్యా, డచ్చి భాగస్వామి కలిసి 88 మిలియన్ యూరోలకి కొని ఫోర్స్ ఇండియా అన్నారు. జెండా రంగులు వేశారు. దేశం ఉప్పొంగింది. భారతీయుడు ఎవరైనా ఆ కారులో పందెం ఆడాడా అని వెతికితే, 2005లో నారాయణ్ కార్తికేయన్ కనిపిస్తాడు, కాకపోతే అప్పటికి అది జోర్డాన్. అమెరికాలో టైర్ల గొడవతో 14 కార్లు పక్కకి తప్పుకోగా మిగిలిన ఆరింట్లో నాలుగో స్థానంలో వచ్చాడు. ఇండియా అన్న పేరు తగిలించాక మాత్రం పందెం రోజున ఒక్క భారతీయుడూ అందులో కూర్చోలేదు. పేరు దేశానిది, స్టీరింగు ఇటలీ, జర్మనీ, స్కాట్లండ్, మెక్సికో వాళ్ళది.

జట్టు మాత్రం అద్భుతంగా పరిగెత్తింది, అది ఒప్పుకోవాలి. 2009లో బెల్జియంలో ఇటలీ డ్రైవరు ఫిసికెల్లా ముందు వరసలో మొదటి స్థానం సాధించి రెండోవాడిగా వచ్చాడు. 2016, 2017లలో పెద్ద పెద్ద కంపెనీలని వెనక్కినెట్టి నాలుగో స్థానం. తక్కువ మేతతో ఎక్కువ దుక్కి చేసిన జత ఇది. ఆ తక్కువ మేత ఎక్కడిదన్నదే ఆసక్తికరం. 2011 అక్టోబరులో సహారా సంస్థ 100 మిలియన్ డాలర్లతో 42.5 శాతం వాటా తీసుకుంది. ఏడాది తిరక్కుండా, ఆగస్టు 31, 2012న, డిపాజిటర్లకి సుమారు 24,000 కోట్లు 15 శాతం వడ్డీతో తిరిగివ్వమని సుప్రీంకోర్టు సహారా కంపెనీలకి చెప్పింది. ఆ ఏడాది అక్టోబరులోనే కింగ్‌ఫిషర్ విమానాలు నేలకి దిగి ఆగిపోయాయి, ఉద్యోగులకి నెలల తరబడి జీతాల్లేవు. అదే నెల 28న గ్రేటర్ నోయిడాలో భారత గ్రాండ్ ప్రి. జర్మనీకి చెందిన హుల్కెన్‌బర్గ్ ఎనిమిదో స్థానంలో వచ్చి దేశం పేరు నిలబెట్టాడు. మార్చి 2016లో మాల్యా కూడా ఇంగ్లండు చేరుకున్నారు, జట్టుకి దగ్గరగా. బ్యాంకు అప్పులో కొంత జట్టుకి మళ్ళించారన్న దర్యాప్తు సంస్థల అభియోగాలని ఆయన కాదంటూనే ఉన్నారు.

వైద్యానికి వస్తే, ఒకటే మందు: పేరు మార్చడం. జూలై 27, 2018న, హంగరీ పందెం వారంలో, బాకీలు పేరుకుపోయిన ఫోర్స్ ఇండియాని ఇంగ్లండు కోర్టు నిర్వాహకుల చేతిలో పెట్టింది. కేసు నడిపించినవాడు ఆ జట్టు డ్రైవరే, సెర్జియో పెరెజ్, తనకి రావలసిన బాకీ కోసం. ఎద్దే వెళ్ళి ఎడ్లవాడి మీద పిటిషను వేసినట్టుగా కనిపిస్తుంది గాని, దానివల్లే నాలుగు వందలమంది ఉద్యోగాలు నిలిచాయి. ఆగస్టులో కెనడా కోటీశ్వరుడు లారెన్స్ స్ట్రోల్ బృందం కొన్నది. కొత్త యాజమాన్యం కాబట్టి కొత్త జట్టేనని, అంతదాకా తెచ్చిన 59 పాయింట్లూ కొట్టేశారు. అవే కార్లు, వాళ్ళే డ్రైవర్లు, అదే కర్మాగారం, సున్నా నుంచి మొదలు. మిగిలిన పందాల్లో 52 పాయింట్లు తెచ్చుకుని ఏడో స్థానంలో ముగించారు. అప్పట్నుంచి రేసింగ్ పాయింట్, 2021 నుంచి ఆస్టన్ మార్టిన్. గుమ్మం మీద బోర్డు రాసే పెయింటరు ఒక్కడే ఆ వీధిలో నష్టం చూడలేదు.

తెలుగు నేల మీదికి ఈ విద్య 2022లో వచ్చింది. ఆ నవంబరులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ మొదటి పోటీలు ప్రమాదాలతో, ఆలస్యంతో, దిగిపోతున్న పొద్దుతో రద్దయ్యాయి. దానిలో మన జట్టు హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్. తర్వాత నటుడు నాగచైతన్య దానికి యజమాని అయ్యారు. విమానాల తరం పోయి సినిమా తరం వచ్చిందన్నమాట. ఫిబ్రవరి 11, 2023న అదే ఒడ్డున, సుమారు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాకు మీద, కరెంటు కార్ల ఫార్ములా ఈ జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నగరానికి దాదాపు 84 మిలియన్ డాలర్ల లాభం చేకూరిందని నివేదిక వచ్చింది. ఇంత లాభం వచ్చిన పందేన్ని రెండో ఏడాది నడపడానికి స్థానిక ప్రమోటరు ముందుకు రాకపోవడం ఆర్థికశాస్త్రంలో ఒక చిక్కుముడి. ప్రమోటరు వదిలిన బరువు హెచ్.ఎం.డి.ఏ ఎత్తుకుంది. జనవరి 2024లో పందెం రద్దయింది. డిసెంబరులో, సుమారు 55 కోట్లు నిబంధనలకి విరుద్ధంగా చెల్లించారంటూ ఏసీబీ కేసు పెట్టింది. తప్పేమీ జరగలేదని మాజీ మంత్రి కేటీఆర్ అంటున్నారు. వ్యవహారం కోర్టులకెక్కింది. ఆ 84 మిలియన్ల లాంటి లాభాల లెక్కల్లో సాధారణంగా హోటలు గదులు, ప్రయాణాలు, టీవీలో ఊరి పేరు వినబడిన సెకన్ల విలువ కూడా కలుపుతారు.

ఆ పద్ధతిలో చీడికాడ తీర్థానికీ విలువ కట్టవచ్చు. జీళ్ళు, ఖర్జూరం, బూరాలు, గోళీసోడాలు, ఆటోల కిరాయి, మైకులో ఊరి పేరు వినబడిన గంటలు, అన్నీ కలిపితే డాలర్లలో మంచి అంకే తేలుతుంది. అక్కడ ఇంకా పాత పద్ధతే నడుస్తోంది. పందెం అయ్యాక బహుమతి నోట్లు వేదిక మీదే లెక్కపెట్టి ఎడ్లవాడి చేతిలో పెడతారు. ఆ నోట్లు ఎక్కడివో చందా పుస్తకం తెరిచి, ఎవరెంత ఇచ్చారో పేరుపేరునా మైకులో చదువుతారు. చదివేటప్పుడు ఒక్క పేరు జారిపోయినా, ఆ పేరుగలవాడు జనాన్ని తోసుకుంటూ మైకు దగ్గరికి వచ్చి నిలబడతాడు.