బూజు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

2024 ఆగస్టు 31న పట్టిన వాన సెప్టెంబరు 1 తెల్లారేసరికి బెజవాడను ముంచింది. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే బుడమేరు పొంగింది. దాన్ని కృష్ణలోకి మళ్లించే కాలువకు మూడు గండ్లు పడ్డాయి. పోనీ కృష్ణలో చోటుందా అంటే, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతున్నాయి. పెద్ద నది నిండుగా ఉన్నప్పుడు చిన్న ఏరు ఊళ్లోకే రావాలి. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేటల్లో జనం డాబాల మీద రోజులు లెక్కపెట్టారు. గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చింది. బురద కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి. బూజు మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చింది.

ఈ పద్యం ఆ సందర్భంలోనిది. కవి పేరు చెప్పడం లేదు. వ్యాఖ్యాతకు ఆయన బాగా తెలిసినవాడే గాని, పేరు చెబితే పాఠకులు కిటికీలు మానేసి గణాలు లెక్కపెడతారని భయం.

మూలం

వరద తీసె ననుచు వాకిలి మూయకు
గోడ యారకున్నఁ గూడు బూజు
పరుపు పట్టు విడిచి పారవేయుము వేగ
బ్లీచి కన్న ముందు వెలుగు గాలి

ఛందస్సు

ఆటవెలది. కంద పద్యానికి ప్రాస నియమం ఉంది. మోకాలి లోతు బురద ఎత్తిపోసే మనిషిని ప్రాస వెతకమనడం అమానుషం. ఆటవెలదికి ఆ బెడద లేదు గనుక కవి దీన్ని ఎంచుకున్నాడు. మూడో పాదం చివరి ‘గ’ తర్వాత ‘బ్లీ’ అనే సంయుక్తాక్షరం వచ్చింది, ‘గ’ గురువు కాదా అని కొందరు పట్టుకుంటారు. పాదం వేరు, పదం వేరు కాబట్టి దోషం లేదు. అలాంటివారు ఆ పట్టుదలను బీరువా వెనక గోడ మీద చూపించాలని మనవి.

ప్రతిపదార్థం

వరద = ఏటి నీరు; తీసెను = దిగిపోయింది; అనుచు = అనుకుంటూ; వాకిలి = గుమ్మం, ఉపలక్షణంగా కిటికీలు, అల్మరాలు, బీరువా, మంచం కింది సొరుగులు; మూయకు = తాళం వేసి చుట్టాల ఇంటికి పోవద్దు; గోడ = ఇటుక, సిమెంటు, లప్పం, రంగు, వీటి వెనక దాగిన నీరు; ఆరకున్నన్ = తడి పోకపోతే; బూజు = సాలెపురుగుది కాదు, చెమ్మలో పుట్టే ఫంగసు; కూడున్ = చేరుతుంది; పరుపు పట్టు = పరుపు మీది మమకారం; విడిచి = వదులుకొని; వేగ = త్వరగా, అనగా చెత్త ట్రాక్టరు మన వీధిలో ఉండగానే; పారవేయుము = బయట పడెయ్యి; బ్లీచి కన్నన్ = బ్లీచింగు మందు కంటె; ముందు = మొదట; వెలుగు = ఎండ; గాలి = గాలి.

తాత్పర్యం

నీళ్లు పోయాయి కదా అని ఇల్లు మూసిపెట్టకు. గోడ లోపలి తడి పోయేదాకా బూజు వస్తూనే ఉంటుంది. తడిసిన పరుపు మీద ఆశ వదులుకో. మందులు తర్వాత, ముందు ఇంటిని ఆరబెట్టు.

విశేషాలు

‘వరద తీసె ననుచు’. ‘తీసెను’ అని ఊరుకోకుండా ‘అనుచు’ చేర్చడంలోనే కవి హృదయం ఉంది. వరద తీసిందని మనం అనుకుంటాం, అంతే. వీధిలో నీరు తీసింది, ఇటుకలో నీరు తీయలేదు. గోడ మీద బురద గీసిన గీత చూసి నీళ్లు అంతవరకే వచ్చాయనుకోవడం పామర దృష్టి. ఇటుక, సిమెంటు నీటిని పైకి పీలుస్తాయి. గీతకు అడుగో రెండడుగులో ఎగువన కూడా గోడ తడిసే ఉంటుంది. పైగా, పూర్తిగా నీళ్ల అడుగున బూజు పెరగదు, దానికి గాలి కావాలి. చెమ్మ, గాలి రెండూ దొరికే ఆ గీత పైభాగమే దానికి విడిది. తడిసిన వస్తువు మీద బూజు మొలవడానికి 24 నుంచి 48 గంటలు చాలు. బుడమేటి నీళ్లు చాలా ఇళ్లలో అంతకన్నా ఎక్కువ రోజులు నిలిచాయి గనుక, యజమాని కన్నా ముందే బూజు గృహప్రవేశం చేసింది.

‘గోడ యారకున్న’. ఇక్కడ ఒక ఆక్షేపణ. గోడ ‘ఆరకున్న’ అన్నాడే గాని ‘కడగకున్న’ అనలేదేమి? ఇంటివాళ్లు రాత్రింబగళ్లు కడుగుతూంటే కవికి ఆ శ్రమ కనబడలేదా? సమాధానం: కనబడింది. బురద కడగవలసిందే, అది కవి చెప్పకపోయినా అందరూ చేసేదే. కానీ బూజు విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వరదకు ముందూ ఉన్నాయి, మీ ఇంట్లోనూ ఉన్నాయి, ఈ పత్రిక మీదా ఉన్నాయి. వాటిని లోకంలో లేకుండా చేయడం ఎవరి తరమూ కాదు. తడి ఒక్కటే మన చేతిలో ఉంది. అందుకే కవి చీపురును వదిలి తడిని పట్టుకున్నాడు. ఈ పద్యానికి ఇదే ప్రాణం.

మరి గోడ ఆరిందని తెలిసేదెలా? ఇందుకు రెండు ప్రమాణాలు. మొదటిది ప్రత్యక్షం. జానెడు పొడవు, జానెడు వెడల్పు పాలిథిన్ ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో సందు లేకుండా అంటించాలి. ఒకటి రెండు రోజులాగి చూడాలి. లోపలి వైపు చెమట పట్టి చిన్న చిన్న నీటిబొట్లు నిలిస్తే గోడ ఇంకా తడే. అరచెయ్యి పెట్టి చూసి పొడిగా ఉందనడం ప్రమాణం కాదు, గోడ పైచర్మం ముందు ఆరుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ లోపలిదాకా ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రెండోది అనుమానం. పొగను చూసి నిప్పును ఊహించే తార్కికుల పద్ధతిలో, ముక్కిన వాసన ఉన్నచోట బూజు ఉన్నట్టే. వాసన వస్తూ బూజు కనబడకపోతే వాసన అబద్ధమని కాదు, బీరువా జరపలేదని అర్థం. జరిపి చూస్తే గోడ మీద సరిగ్గా బీరువా కొలతతో నల్లచుక్కల పటం ఉంటుంది.

గోడ మీద తెల్లగా పొంగినదల్లా బూజు కాదని కూడా ఎరగాలి. కొన్నిచోట్ల అది ఇటుకలోంచి నీటితో పైకొచ్చిన ఉప్పు. ఒక నీటిబొట్టు వేస్తే ఉప్పు కరుగుతుంది, బూజు కరగదు. అయితే ఉప్పు కనబడిందని సంతోషించనక్కర్లేదు, గోడలోంచి నీరు నడుస్తోందనడానికి అదీ సాక్ష్యమే.

‘పరుపు పట్టు’. ఇది శ్లేష. పట్టు అంటే మమకారం, పట్టుదల కూడా. ఇంట్లో పరుపును పారేద్దామనేవారికీ వద్దనేవారికీ నడిచే వాదానికి రెండో అర్థం చక్కగా అతుకుతుంది. పరుపు ఇక్కడ ఒక జాతికి ప్రతినిధి. సోఫా కుషన్లు, దిండ్లు, తివాచీలు, ఉబ్బిన పార్టికల్ బోర్డు అల్మరాలు, నీళ్లు తాకిన బియ్యం, పప్పులు, అన్నీ ఆ జాతివే. స్టీలు, గాజు, గట్టి ప్లాస్టిక్కు కడిగితే బాగుపడతాయి. లోపలికి నీరు పీల్చుకున్నవి బాగుపడవు. నీళ్లలో తేలిన ఆవకాయ జాడీ విషయంలో కవి కూడా మౌనం వహించాడు. దుఃఖాతిశయం వల్ల అని గ్రహించాలి. అదీ పారవేయవలసిందే.

కాగితాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఇంటి దస్తావేజులు, సర్టిఫికెట్లు తడిస్తే నీడలో, పేజీల మధ్య పొడి కాగితాలు పెట్టి ఆరబెట్టాలి. ఒకేసారి అన్నీ ఆరబెట్టే వీలు లేకపోతే కవర్లో చుట్టి, కరెంటున్న చుట్టాల ఇంటి ఫ్రీజర్‌లో పెడితే బూజు ఆగుతుంది. తీరిక దొరికాక ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. చేపల పక్కన సేల్ డీడ్ ఉంచడం అపచారమనుకునేవారు డూప్లికేటు కోసం రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు ఒక్కసారి తలచుకోవాలి.

‘బ్లీచి కన్న ముందు’. బ్లీచి అన్యదేశ్యం. కవి బ్లీచిని నిషేధించలేదు, వరస చెప్పాడు. బురద మీద పోసిన బ్లీచి బురదతోనే ఖర్చయిపోతుంది. ముందు సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి, తర్వాతే బ్లీచి. ఘాటు కూడా మితం తప్పకూడదు: గ్లాసు ద్రవ బ్లీచికి తక్కువలో తక్కువ పదహారు గ్లాసుల నీళ్లు. తలుపులు తీసి ఉంచాలి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు, ముక్కుకు ఎన్95 మాస్కు ఉండాలి. తడి తువాలు చుట్టుకోవడం సాహసమే గాని రక్షణ కాదు. పొడి చీపురుతో బూజును దులిపితే అది గదంతా ఎగురుతుంది. తడిపి తుడవాలి. టైలు, గ్రానైటు మీద బ్లీచి పనిచేస్తుంది. గరుకు గోడలో మాత్రం రంగు పోగొడుతుందే తప్ప వేళ్లదాకా దిగదు. చచ్చిన బూజు కూడా తుమ్ములు తెప్పిస్తుంది గనుక చంపి వదిలేయడం కాదు, తీసేయడం ముఖ్యం. ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు, కీమోథెరపీలో ఉన్నవారు ఆ రోజు ఇంట్లో ఉండకూడదు.

‘వెలుగు గాలి’. వెలుగును ముందు చెప్పడం సాభిప్రాయం. ఎండ ఉన్నప్పుడు తలుపులు తీస్తే ఇల్లు ఆరుతుంది. ముసురు పట్టినప్పుడు తీస్తే బయటి చెమ్మ లోపలికి వస్తుంది, అప్పుడు మూయడమే మేలు. గదిలో తేమ 60 శాతం దాటకుండా చూసుకోవడం లక్ష్యం. ఎదురెదురు కిటికీలు తీసి, బల్ల ఫ్యానును కిటికీలోంచి బయటికి తిప్పి పెడితే చెమ్మ బయటికి పోతుంది. బూజు అప్పటికే పట్టిన గదిలో సీలింగు ఫ్యాను వేస్తే విత్తనాలు మిగతా గదులకు చేరతాయి. ఇవన్నీ ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డులు విప్పి, నీళ్లు నిలిచిన స్విచ్ బాక్సులు చూశాకే. అంతవరకు మెయిన్ ఆఫ్‌లోనే ఉండాలి.

మతాంతర ఖండన

పెయింటర్ మతం: “డ్యాంప్ ప్రైమర్ కొట్టి రెండు కోట్లు వేస్తాం సార్, మళ్లీ కనబడదు.” కనబడకపోవడం, లేకపోవడం ఒకటి కాదు. తడి గోడకు లప్పం, ఎమల్షన్ వేస్తే నీరు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. కొన్నాళ్లకు రంగు బుడగలు కట్టి పెచ్చులు ఊడుతుంది. మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి ప్రభుత్వం 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 ప్రకటించింది. ఆ డబ్బు చేతిలో పడగానే మనసు రంగుల వైపు పోవడం సహజం. పాలిథిన్ ముక్క ఒప్పుకునేదాకా దాన్ని బ్యాంకులోనే ఉంచాలి. ఆగలేనివారికి సున్నం ఉంది. దాని క్షారగుణం బూజుకు గిట్టదు, గోడనూ ఊపిరాడనిస్తుంది.

పక్కింటి మతం: “బాత్రూం ఆసిడ్, బ్లీచి కలిపి కొట్టండి, దెబ్బకు పోతుంది.” పోయేది మనుషులు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపకూడదు. ఈ మతాన్ని ఖండించడానికి తర్కం అక్కర్లేదు, బకెట్టు లాక్కుంటే చాలు.

అత్తగారి మతం: “నాలుగు రోజులు ఎండలో వేస్తే పరుపు ఆరదామ్మా? మీ పుట్టింటివాళ్లు సారెలో పెట్టింది.” పెద్దలను ఖండించడం మర్యాద కాదు గనుక సమన్వయం చేద్దాం. చీరలు, దుప్పట్లు, దిండు గలీబుల విషయంలో అత్తయ్యగారి మాట అక్షర సత్యం. వేడినీళ్లలో సబ్బుతో ఉతికి ఎండలో వేస్తే అవి దక్కుతాయి. పరుపును అలా ఉతకలేం. పైన ఆరినా లోపలి దూదిలో తడి ఉంటుంది, అదీ డ్రైనేజీ కలిసిన తడి. పుట్టింటివారి పరుపు పోతుందే గాని పుట్టింటివారి మాట పోదు.

ఓనరు మతం: “రంగు నల్లగా లేదు కదండీ, పచ్చటిది ఏమీ చేయదు.” రంగును బట్టి బూజు మంచిచెడ్డలు తేల్చలేం. ఏ రంగుదైనా తీసేయవలసిందే. అడ్వాన్సు ఇచ్చేముందు అద్దెకు దిగేవారు బీరువా వెనక వాసన చూడటం శాస్త్రసమ్మతం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని గోడ ఆరకముందు చదివినవారికి రెండోసారి పెయింటు ఖర్చు తప్పుతుంది. వానాకాలానికి ముందు చదివినవారు బీరువాను గోడకు జానెడు ఎడంగా జరిపి, దస్తావేజులను అటక మీదికి చేర్చి నిశ్చింతగా ఉంటారు. అర్థంతో సహా కంఠస్థం చేసి కిటికీ మాత్రం తీయనివారికి ఆటవెలది లక్షణం ఒక్కటే దక్కుతుంది.