కాగితం లేని ఇల్లు, రెండు సెట్లు జిరాక్సు

చల్లపల్లిలో ఇప్పుడు వీధికొక వర్క్ ఫ్రమ్ హోమ్ బాబు. జీతం బెంగళూరుది, కాపురం ఇక్కడ. ఈ బాబుకి ఈమధ్య కొత్త వైరాగ్యం పుట్టింది: ఇంట్లో చిత్తుకాగితం కూడా కనపడకూడదు! స్కానర్ వచ్చింది. పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లోకి ఎక్కింది. కరెంటు బిల్లు, పాలసీ బాండు, నాన్నగారి షుగర్ రిపోర్టు, అన్నీ స్కానర్ నోట్లో పడి, పీడీఎఫ్‌లై, ట్యాగులు తగిలించుకుని కూర్చున్నాయి.

వెతికితే క్షణంలో దొరుకుతుందట. ఇంగ్లీషులో అచ్చయిందైతే దొరుకుతుంది, కాదనను. తాతగారి గొలుసుకట్టు రాతలో ఉన్న దస్తావేజు ముందు మాత్రం ఆ తెలివంతా తెల్లమొహం వేస్తుంది.

అసలు దఫ్తరం ఈ ఊరికి కొత్తా? దేవరకోట జమీందారీ కచేరీ నడిచిన ఊరు. 1948 చట్టంతో జమీందారీ పోయింది. 1984లో ఎన్టీఆర్ కరణాల్నీ మునసబుల్నీ ఇంటికి పంపాడు. ఊరి లెక్కలు కట్టిన ఎర్రగుడ్డ మూటకి అంతదాకా కరణంగారే సెర్చ్ బటను. నెయ్యో మినుములో ముట్టందే నొక్కుడు పడేది కాదు. ఆయన తీసి చూపించిన కాగితాన్ని మాత్రం తహసీల్దారు కూడా కాదనేవాడు కాదు. బాబుగారి బటను ఉచితమే. అది చూపించినదాన్ని ఎవరూ లెక్కచెయ్యరు, అంతే తేడా.

ప్రోనోటు సంగతి చూడండి. కృష్ణా డెల్టాలో అప్పు పుట్టేదీ పెరిగేదీ దాని మీదే. రెవెన్యూ స్టాంపుని తొక్కుకుంటూ పోయిన సంతకం ముందువైపు. వెనకవైపు బాకీదారు స్వదస్తూరీతో రాసిన చెల్లు, తేదీ, సంతకం. మూడేళ్ల గడువు మళ్లీ మొదటికొచ్చేది ఆ వెనక రాతతోనే. మన బాబు ముందువైపు స్కాన్ కొట్టి, ‘అప్పులు’ అని ట్యాగు పెట్టి, అసలుని చింపి చెత్తబుట్టలో వేశాడనుకోండి, బాకీదారు వీధంతా పూతరేకులు పంచుతాడు.

చట్టానికి ఆ మాత్రం లోకజ్ఞానం ఉంది. 2000 నాటి ఐటీ చట్టం ప్రోనోట్లనూ వీలునామాలనూ ఎలక్ట్రానిక్ లోకం బయటే నిలబెట్టింది. 2022లో తలుపు కాస్త తీసినా, రిజర్వు బ్యాంకులాంటి వాళ్ల అదుపులో ఉన్న సంస్థలు తీసుకునే నోట్లకే. అరుగు మీద అప్పులకి కాదు.

ఇక డిజిలాకర్. 2015లో వచ్చింది. ప్రభుత్వ శాఖ నేరుగా అందులో జారీ చేసిన పత్రం అసలుతో సమానమని 2017లో నిబంధన పెట్టారు. మనం ఎక్కించిన స్కాను వట్టి ఫొటోయే. పోనీ, సమానమైనదే ఫోనులో తెరిచి కౌంటరు ముందు పెట్టండి. అవతలాయన కళ్లెత్తకుండా చదివే మంత్రం ఒకటే: “ప్రింటు తీసి, సంతకం పెట్టి, రెండు సెట్లు ఇవ్వండి.” 2025 జనవరిలో ‘మన మిత్ర’ అని 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. సర్టిఫికెట్ ఫోనులో దిగుతుంది, ఫోను జిరాక్సు కొట్టుకి నడుస్తుంది.

వెనకటికి స్టేట్‌మెంటు బ్యాంకే ముద్రించి పోస్టులో పంపేది. ఇప్పుడు మెయిలు పంపుతుంది; ఇంకు మనది, కాగితం మనది, సెంటరు దాకా పెట్రోలు మనది. ‘చెట్లను కాపాడండి’ అన్న ముక్క మాత్రం కింద ఆకుపచ్చ అక్షరాల్లో వాళ్లది. అదీ ప్రింటులో పడుతుంది. అదే బ్యాంకులో పొలం తనఖాకి వెళ్లి “మా సర్వర్లో ఉందండీ” అనండి, మేనేజరు మంచినీళ్లిచ్చి పంపిస్తాడు. ఆయనకి అసలు దస్తావేజు కావాలి, లింకు డాక్యుమెంట్లతో సహా.

బాబుగారు ఇవేవీ వినే స్థితిలో లేరు. పదేళ్ల బిల్లులు ఒక పెట్టెలో ఇమిడాయని మురిసిపోతున్నారు. ఆ పెట్టె పాస్‌వర్డు ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. తన తర్వాత అది కొడుక్కే చెందాలని రాసిపెట్టాలంటే మటుకు తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఇద్దరు సాక్షుల చేత కూడా పెట్టించాలి.